ఫార్మాట్ కొట్టే ముందు

“ల్యాప్‌టాప్ స్లో అయింది సార్, ఎస్ఎస్‌డీ వేయించి ఫార్మాట్ కొట్టించిన. ఇప్పుడు రాకెట్ లెక్క ఉరుకుతున్నది.”

ఈ మధ్య మా పిల్లల నోట ఈ మాట తరచూ వింటున్నాను. ఎస్ఎస్‌డీ వేయించుకున్నందుకు సంతోషమే. ఫార్మాట్ మీదే నా పేచీ. హార్డ్‌డిస్క్ మార్చండి, తప్పకుండా మార్చండి. కానీ పాతదంతా తుడిచేసి కొత్త విండోస్ ఎక్కించుకోవద్దు. ఉన్న సిస్టమ్‌ని ఉన్నట్టుగా, ఫాంట్లతో, సెట్టింగులతో, డెస్క్‌టాప్ మీద పేరుకున్న చెత్తతో సహా కొత్త డ్రైవ్‌లోకి తరలించుకోండి. దాన్నే క్లోనింగ్ అంటారు. అది కూడా షాపులో కాదు, మీ చేతులతో మీరే చేసుకోండి.

కులం గురించీ కోర్టుల గురించీ రాసేవాడు హార్డ్‌డిస్కుల మీద పడ్డాడేంటని అనుకునే మిత్రులు జర ఓపిక పట్టండి. నేను రాస్తున్నది వాటి గురించే.

మన పిల్లల చేతుల్లో ఉన్న యంత్రం ఎలాంటిది? నెక్కొండ స్టేషన్‌లో కాజీపేట వైపు రైలెక్కి యూనివర్సిటీకి పోయే పిల్లల సంచులు చూస్తే తెలుస్తుంది. ఏదో ఆఫీసు వాడి వదిలేసిన సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్. స్కాలర్‌షిప్ పడ్డ నెలలో కొన్నది. విండోస్ 10 మీద నడుస్తుంది. ఆ విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టును 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ తర్వాతదో ఉండాలి. అంటే నడుస్తున్న యంత్రానికి ఒక తేదీ పెట్టి ‘నీ పని అయిపోయింది’ అన్నారు. కొత్తది కొనగలిగినవాడికి అది చిన్న వార్త. కొనలేనివాడికి పీహెచ్‌డీ మధ్యలో పిడుగు.

నిజానికి అలాంటి యంత్రంలో అలసిపోయింది చాలాసార్లు ఒక్క హార్డ్‌డిస్కే. చాలా ల్యాప్‌టాప్‌లలో అది నిమిషానికి 5400 సార్లు తిరిగే పళ్ళెం, దాని మీద అటూ ఇటూ కదిలే చిన్న తల. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ కదిలేదీ ఏమీ ఉండదు. పాత రెండున్నర అంగుళాల హార్డ్‌డిస్క్ తీసిన చోటే సాటా ఎస్ఎస్‌డీ కూర్చుంటుంది. ల్యాప్‌టాప్ ఇంకొన్నేళ్ళు నడుస్తుంది.

‘మళ్ళీ అదే విండోస్ 10 ఎందుకు, లినక్స్ వేసుకోండి’ అంటారు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మిత్రులు. వాళ్ళ మాట మీద నాకు గౌరవం ఉంది. ఇవ్వాళ మొదలుపెట్టే పిల్లలు లినక్స్ మీదే మొదలుపెడితే నాకు ఆనందం. కానీ మధ్యదారిలో ఉన్నవాడికి ముందు కావాల్సింది తన పని చెదరకుండా ఉండటం. సురక్షిత అప్‌డేట్ల పొడిగింపు ఉంటే నమోదు చేసుకోవాలి, లేదా ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా రాతకే వాడుకోవాలి. సిద్ధాంతం తర్వాత మాట్లాడుకుందాం.

తెలుగు చదివినవాళ్ళకు ఇంకో గోస ఉంది. మన డీటీపీ లోకం చాలామటుకు ఇంకా అను ఫాంట్ల మీద, పేజ్‌మేకర్ మీద ఆధారపడి ఉంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో! అను ఫైల్‌లో నిజానికి తెలుగు ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యలే ఉంటాయి. ఫాంటు వాటి మీద తెలుగు ముసుగు వేస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే మీ సిద్ధాంత గ్రంథమంతా డాలర్లూ బ్రాకెట్లూ, నెత్తిన చుక్కలు పెట్టుకున్న యూరప్ అక్షరాలూ అయి కూర్చుంటుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే సొంత స్థానం ఉంది. విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. ఆ తర్వాత ఉచిత యూనికోడ్ ఫాంట్లు కూడా వచ్చాయి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ. (ఆ పేర్ల వరస చూసి భువనవిజయంలో ఎవరికి పీట దొరికిందో మీరే లెక్కేసుకోండి.) అయినా ప్రెస్సువాళ్ళు అనులోనే అడిగారు, మనవాళ్ళు అనులోనే టైపు చేశారు.

దండోరా కరపత్రాలు, కారంచేడు, చుండూరు వర్ధంతి సభల ప్రసంగాలు, చిన్నపత్రికల సంపాదకీయాలు, కవితా సంకలనాల ముందుమాటలు. గత మూడు దశాబ్దాల్లో మనం రాసుకున్నదాంట్లో ఎంతో భాగం ఇలాంటి ఫైళ్ళలో, ఎవరెవరి ఇళ్ళలోనో పాత డిస్కుల మీద ఉంది. ఫార్మాట్ కొడితే ఫైలు మిగిలినా దాన్ని చదివే కన్ను పోతుంది. ఆ ఫాంట్ మేనేజర్ సీడీ ఎక్కడుందో, లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో ఇవ్వాళ ఎవరికీ ఎరుక ఉండదు. అనును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చి తీరాలి కూడా. కానీ ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, పక్కన అసలు పేజీ పెట్టుకుని ప్రూఫు చూడాలి. అది నెలల పని. అన్ని నెలలూ పాత సిస్టమ్ బతికి ఉండాలి. నేను క్లోనింగ్ అని పట్టుబట్టడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం ఒక తమ్ముడి అనుభవం. డక్కలివాళ్ళ జాంబపురాణం మీద పని చేస్తున్నాడు. ఒక షాపులో ల్యాప్‌టాప్ ఇచ్చాడు. “బ్యాకప్ ఉందా?” అన్నారు. “డీ డ్రైవ్‌లో ఉంది” అన్నాడు. సీ డ్రైవ్ తుడిచి కొత్త విండోస్ వేసి ఇచ్చారు. డీ డ్రైవ్ నిజంగానే భద్రంగా ఉంది. కానీ ఒక పెద్దాయన దగ్గర రికార్డు చేసిన ఆడియో డెస్క్‌టాప్ మీద ఉండేది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయని ఆ కౌంటర్ దగ్గర అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు.

మూడో కారణం ఇంకా బరువైంది. మనలో చాలామంది నిజనిర్ధారణలకు పోతాం. ఆ ల్యాప్‌టాప్‌లో బాధితురాలి వాంగ్మూలం ఉంటుంది, సాక్షుల పేర్లూ ఫోన్ నంబర్లూ ఉంటాయి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ తెచ్చి, 15ఏ సెక్షన్ కింద బాధితులకూ సాక్షులకూ రక్షణ హక్కు రాయించుకున్నాం. ఆ సాక్షుల జాబితా ఉన్న డిస్కును రెండు రోజులు షాపు కౌంటర్ మీద వదిలేసి వస్తే ఎట్లా? షాపువాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. ఊళ్ళో ఎవరు ఎవరికి చుట్టమో మనకు తెలియదు, అంతే.

సరే, ఎట్లా చేయాలి?

ఫైళ్ళు కాపీ పేస్ట్ చేస్తే సిస్టమ్ రాదు. మీకు కనిపించే సీ డ్రైవ్‌కు ముందూ వెనకా కనిపించని చిన్న గదులు ఉంటాయి. యంత్రం లేవగానే మొదట చూసే ఈఎఫ్ఐ గది సాధారణంగా వంద ఎంబీ అటూ ఇటూ ఉంటుంది. ఇంకో దాంట్లో రికవరీ సరంజామా. అవి లేకుండా సీ డ్రైవ్ ఒక్కటే పట్టుకుపోతే కొత్త డ్రైవ్ లేవదు. అందుకే డిస్కు మొత్తాన్ని క్లోన్ చేయాలి.

ముందు పాత డిస్కు ఆరోగ్యం చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం చాలు. అది ‘బాగాలేదు’ అంటే క్లోనింగ్ పక్కన పెట్టి, మళ్ళీ దొరకని ఫైళ్ళను ముందు వేరే డ్రైవ్‌లోకి లాగేయండి. చావుబతుకుల్లో ఉన్న డిస్కును గంటల తరబడి చదివించకూడదు. నిజానికి డిస్కు బాగున్నా ఈ పని ముందే చేయాలి. తర్వాత బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీ రాసిపెట్టుకుని, క్లోన్ అయ్యేదాకా దాన్ని ఆఫ్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ తీసేసి కంప్యూటర్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేయండి. సగం నిద్రలో ఉన్న విండోస్‌ను క్లోన్ చేయబోతే మొరాయిస్తుంది.

కొత్త ఎస్ఎస్‌డీని యూఎస్‌బీ నుంచి సాటా కేబుల్‌తో తగిలించండి. క్లోన్‌జిల్లా తైవాన్‌లో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. నీలం తెర మీద తెల్ల అక్షరాలు, చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ మంచిది. పాతదెంత సైజో కొత్తదీ అంతే, లేదా పెద్దది ఉంటే దీంతో తిప్పలు లేవు. ఒక టీబీ నుంచి ఐదొందల జీబీకి వస్తున్నవాళ్ళు ముందు సినిమాలు ఖాళీ చేసి, ఎస్ఎస్‌డీ కంపెనీవాళ్ళు ఉచితంగా ఇచ్చే తరలింపు ప్రోగ్రాం వాడుకుంటే సుఖం. పార్టిషన్ల సైజు అదే సర్దుతుంది.

ఎక్కువమంది మునిగేది ఒక్క చోట. ఏది మూలం, ఏది గమ్యం? తిరగేసి నొక్కితే ఖాళీ డిస్కు వచ్చి మీ జీవితం మీద క్లోన్ అవుతుంది. డిస్కు కంపెనీ పేరు, మోడల్ నంబరు, సైజు ముందే కాగితం మీద రాసుకుని, తెర మీద ఉన్నదాంతో పోల్చి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని గట్టిగా చదవండి. అప్పుడు ఎంటర్ కొట్టండి. అయ్యాక కంప్యూటర్ ఆపి, పాతది తీసి, కొత్తది పెట్టి లేపండి. మొదటిసారి రెండూ తగిలించి లేపొద్దు. రెండింటి గుర్తింపు ఒకటే కాబట్టి విండోస్ తికమక పడుతుంది. విండోస్ లైసెన్సు సాధారణంగా మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది గనక డ్రైవ్ మారినంత మాత్రాన పోదు.

లేచాక ఒక అను ఫైలు తెరిచి చూడండి. ఒక ఆడియో వినండి. పాత డిస్కును మాత్రం తుడవొద్దు, అమ్మొద్దు. తేదీ రాసి, కవర్లో చుట్టి, ఇంకొకరి ఇంట్లో పెట్టండి. ఎస్ఎస్‌డీలో డిలీట్ చేసిన ఫైలు తిరిగి రావడం దాదాపు అసాధ్యం. డిలీట్ అయిన జాగాను ట్రిమ్ అనే ఏర్పాటు ఎప్పటికప్పుడు ఖాళీ చేయిస్తుంటుంది. వేగానికి మనం కట్టే వెల అది.

ఇంత చాదస్తం ఎందుకంటారా? బాబాసాహెబ్ 1956 డిసెంబర్ 6న పోయారు. మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన రచనల మొదటి సంపుటం తెచ్చింది 1979లో. ప్రాచీన భారతంలో విప్లవం, ప్రతివిప్లవం గురించి ఆయన రాసింది మూడో సంపుటంలో అచ్చయ్యేసరికి 1987 వచ్చింది. అది కూడా మొత్తం కాదు. కొన్ని అధ్యాయాలు అసంపూర్తి, కొన్ని దొరకనేలేదు. ఆ ఖాళీల్లో ఏముండేదో మీరూ నేనూ చదవలేం. ఆ రాతకు రెండో ప్రతి ఇంకో ఇంట్లో ఉండి ఉంటే అనిపిస్తుంది నాకు, ఆ పుస్తకం తెరిచిన ప్రతిసారీ.

ఆదివారం పొద్దున పది గంటల నుంచి నెక్కొండలో మా ఇంట్లోనే ఉంటాను. కేబుల్, స్క్రూడ్రైవర్లు, క్లోన్‌జిల్లా పెన్‌డ్రైవ్ నా దగ్గర ఉన్నాయి. ఎస్ఎస్‌డీ కొనేముందు మీ ల్యాప్‌టాప్ మోడల్ నంబరు నాకు మెసేజ్ చేయండి, కొన్ని పాతవి ఎన్‌వీఎంఈ డ్రైవ్‌ల నుంచి లేవవు. ఛార్జర్ మర్చిపోకండి, మధ్యలో బ్యాటరీ అయిపోతే మొదటి నుంచీ మొదలుపెట్టాలి. జై భీమ్.