సీమంతం బల్ల ఎవరి కోసం?



ఈ వేసవిలో మన కుటుంబాల్లో సీమంతం ప్రార్థనలు వరుసగా ఉన్నాయి. దేవునికి స్తోత్రం. గర్భఫలం ఆయన వరమని నమ్మేవాళ్లం కాబట్టి అది మనందరి సంతోషం. ఈ మాట ఇప్పుడే చెప్పాలి. మీ ఇంటి ముందు షామియానా వేశాక చెబితే బాగుండదు.

సీమంతం చేసుకోవద్దని నేను అనను. నా పేచీ అంతా ఆ బల్లతోనే.

ఏ బల్లో మీకు తెలుసు. గర్భవతి కూర్చునే కుర్చీ ముందు రెండు మూడు టేబుళ్లు కలిపి, నెట్ గుడ్డ కుచ్చులు కట్టి, పళ్లేలు పేరుస్తారు. అవి తొమ్మిదో పదకొండో ఇరవై ఒకటో ఉండాలి, సరి సంఖ్య పనికిరాదట. లడ్లు, మైసూర్‌పాక్, జీడిపప్పు, బాదంపప్పు, అన్నిటికీ మెరిసే కాగితం చుట్టి రిబ్బన్ కట్టి ఉంటుంది. ఫొటోలు అయ్యేదాకా విప్పకూడదు. గాజులతో కట్టిన నెమలి ఒకటి. పుచ్చకాయను ఉయ్యాలలా చెక్కి అందులో ప్లాస్టిక్ బొమ్మను పడుకోబెడతారు. వెనకాల బెలూన్ల తోరణం, లైట్లతో ఇంగ్లీషు అక్షరాలు. హిందూపురం నుంచి డెకరేషన్ వాళ్లు వచ్చి పొద్దున కట్టి, సాయంత్రం అద్దె సామాను విప్పుకొని పోతారు. మన మడకశిర ఎండకు ఆ పుచ్చకాయ నాలుగు గంటలకల్లా పులిసిపోతుంది. దాన్ని ఎవరైనా తినగా నేను ఇంతవరకు చూడలేదు.

ఆ కుర్చీలోని బిడ్డ పొద్దున ఎనిమిదింటికి పట్టుచీర కట్టుకుంది. పుట్టింటివాళ్లతో ఒక ఫొటో, అత్తింటివాళ్లతో ఒక ఫొటో, బెంగళూరు నుంచి వచ్చిన చిన్నాన్న కుటుంబంతో ఇంకో ఫొటో. అన్నం మాట ఎవరూ ఎత్తరు. రెండు గంటలప్పుడు నేను ప్రార్థన చేస్తుంటే ఆమె కళ్లు మూసుకున్నది భక్తితోనా, కళ్లు తిరిగా అని అనుమానం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ముందర బల్ల నిండా తిండి, దాని వెనక ఆకలితో నిండు చూలాలు. ఆ ఇద్దరినీ కలిపి ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టి, కింద దేవునికి మహిమ అని రాస్తున్నాం.

2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ దేశంలో గర్భవతుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉంది. మన రాష్ట్రంలోనూ అది సగం దాటింది. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత అంటారు, 7 కంటే తగ్గితే ప్రాణానికే గండం. కాన్పులో రక్తం పోతే అలాంటి ఒళ్లు తట్టుకోలేదు. ఈ సంఖ్య తెలుసుకోవడానికి పెద్ద డాక్టరు అక్కరలేదు, మీ ఇంట్లో ఉన్న తల్లీబిడ్డల కార్డులో నర్సమ్మ రాసే ఉంటుంది. బల్ల మీద ఎన్ని పళ్లేలు పెట్టారో మన అత్తమ్మలు తడుముకోకుండా చెబుతారు. కోడలి హిమోగ్లోబిన్ ఎంత అని అడిగి చూడండి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోమని ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలను, బిడ్డ నల్లగా పుడుతుందని పెంటకుప్పలో పారేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కొందరు వేసుకున్నా టీతో కలిపి మింగుతారు. టీ ఆ మందును ఒంటికి పట్టనివ్వదు.

మన అంగన్‌వాడీలో కూడా సీమంతం చేస్తారని మీలో ఎంతమంది గమనించారు? 2018 మార్చిలో పోషణ్ అభియాన్ మొదలైన తర్వాత, సెప్టెంబరు నెలను పోషణ మాసంగా పెట్టి, కేంద్రాల్లో గర్భవతులందరికీ కలిపి సామూహిక సీమంతాలు చేస్తున్నారు. అక్కడా ఒక బల్ల వేస్తారు. దాని మీద గుడ్లు, పాలు, ఆకుకూరలు, రాగిపిండి, చిక్కీలు ఉంటాయి. మునగాకు ఎందుకు తినాలో టీచరమ్మ చెబుతుంది. ఏ కులం కోడలైనా ఒకే చాప మీద కూర్చుంటుంది. ఫొటోకు ఆ బల్ల అంత అందంగా ఉండదు, ఒప్పుకుంటాను. అయినా ఆకలిగొన్నవారికి అన్నం పెట్టమన్న ప్రభువు మాటకు, సంఘస్థులమైన మనం వేసే బల్ల కన్నా ప్రభుత్వం వేసే బల్లే దగ్గరగా ఉందంటే మనం సిగ్గుపడాలి.

ఇది మన సంప్రదాయం అయ్యగారూ అంటారు కొందరు. ఏ సంప్రదాయం? సీమంతోన్నయనం అంటే పాపిట తీయడం, హిందువుల పదహారు సంస్కారాల్లో అది ఒకటి. బెలూన్ తోరణం అందులో లేదు. మన ఊళ్లలో పెద్దలు చేసిందల్లా కడుపుతో ఉన్న పిల్లకు నోరూరినదేదో వండి పెట్టడం, చలిమిడి చేసి పంపడం. మన పక్కనున్న కన్నడం మాటల్లో ఆ కోరికను బయకె అంటారు. ఆమెకు ఏం తినాలని ఉందో అడిగి పెట్టేవాళ్లు. ఇప్పటి బల్ల మీదున్నవి ఆమెను అడిగి పెట్టినవి కావు, యూట్యూబ్ చూసి పెట్టినవి.

ఇక బేబీ షవర్ అనేది అమెరికా వాడుక. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ పిల్లల పుట్టుకలు పెరిగిన కాలంలో అది బాగా వ్యాపించింది. దానిలో ఒక మంచి ఉంది. పిలిచినవాళ్లంతా పుట్టబోయే బిడ్డకు కావలసిన బట్టలు, దుప్పట్లు, సీసాలు తెచ్చి తల్లి మీద ఖర్చు పడకుండా చూస్తారు, షవర్ అన్న పేరు అందుకే. మనం దాని బెలూన్లు తెచ్చుకుని ఆ మంచిని అక్కడే వదిలేశాం. అబ్బాయా అమ్మాయా అని అట్టముక్క పెట్టి వచ్చినవాళ్లతో స్టిక్కర్లు అంటించే ఆట కూడా తెచ్చుకున్నాం. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరమైన దేశం మనది. ఎందుకు నేరమైందో మీకు తెలుసు. ఆ అట్ట మీద స్టిక్కర్లు ఎటువైపు ఎక్కువ పడతాయో కూడా తెలుసు. రేపు ఆడపిల్ల పుడితే, తన మీద ఓటు వేయని ఇంటికి వచ్చినట్టే కదా.

గాజుల సంగతి కూడా అడుగుతున్నారు. కొందరు దైవజనులు గాజులు తొడగడమే విగ్రహారాధన అని బోధిస్తున్నారు. నాకు అందులో పట్టు లేదు. గాజు గాజే, చేతికి అందం. పళ్లేలు బేసి సంఖ్యలో ఉండకపోతే అరిష్టమని భయపడటం మాత్రం వేరే విషయం. అదృష్టదేవతకు బల్ల సిద్ధం చేసే ప్రజల మీద యెషయా 65వ అధ్యాయంలో ప్రభువు ఎంత కోపంగా మాట్లాడాడో ఈ రాత్రి చదవండి.

డబ్బు దగ్గరికి వద్దాం. డెకరేషన్, పళ్లేలు, ఫొటోలు, భోజనాలు కలిపి ఇరవై వేలు అనుకుందాం, చాలా ఇళ్లలో అంతకన్నా ఎక్కువే. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు ఆరు వందలు, ఏడాదికి 7,200. వేరుశనగ పండితే తీరుస్తామంటారు. ఏటా 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని నేల మీద ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. పొదుపు సంఘం లోను తెస్తే వడ్డీ తక్కువే, కాని కంతు కట్టాల్సింది ఆ ఆడవాళ్లే. ఇంకో లెక్క చూడండి. రోజుకు రెండు గుడ్ల చొప్పున నాలుగు నెలలకు 240 గుడ్లు. ఒక్కోటి ఏడు రూపాయలనుకుంటే 1,680 రూపాయలు. వెనకాల గోడకు కట్టే తోరణం అద్దె కూడా అంతకన్నా ఎక్కువ.

దీనికి మన యువకుడొకడు నాకు గట్టి జవాబే చెప్పాడు. ‘అయ్యగారూ, బేతనియలో మరియ అత్తరు పోసినప్పుడు ఈ డబ్బు బీదలకు ఇవ్వొచ్చు కదా అన్నది ఇస్కరియోతు యూదా. మీరు కూడా అదే మాట అంటున్నారే’ అన్నాడు. వాక్యం బాగా చదివాడు, సంతోషం. ఇంకో మాట కూడా అన్నాడు. తరతరాలుగా ఇంకొకరి పెళ్లికి పందిళ్లు వేసి, ఎంగిలి విస్తళ్లు ఎత్తిన మన ఆడబిడ్డలు ఒక్కరోజు రాణిలా కూర్చుంటే మీకెందుకు బాధ అని. ఈ రెండో మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. అందులో నిజం ఉంది. ఆ ఒక్కరోజు ఆమెకు రావాల్సిందే, కానాలో పెళ్లివిందు కొరత పడకుండా చూసిన ప్రభువు దాన్ని కాదనడు.

కాని అత్తరు కథను పూర్తిగా చదువుదాం. ఆ అత్తరు మరియ సొంతం, వడ్డీకి తెచ్చింది కాదు. దాన్ని సీసా మూత తీయకుండా బల్ల మీద పెట్టి ఫొటో తీసి సాయంత్రం కొట్టుకు తిరిగి పంపలేదు. ఎవరిని ఘనపరచాలనుకుందో ఆయన పాదాల మీదే పోసింది. మన ఇరవై వేలలో ఆ తల్లి ఒంటి మీద, ఆమె నోట్లో పడింది ఎంత? రాణిని చేయాలంటే ముందు రాణికి అన్నం పెట్టాలి. ప్రభువు తల్లి మరియ గర్భవతిగా ఉండి కొండసీమకు నడిచి ఎలీసబెతు ఇంటికి వెళ్లి దాదాపు మూడు నెలలు ఉంది. ఇద్దరు చూలాళ్లు ఒకరికొకరు తోడుగా ఉన్న ఆ మూడు నెలలే నాకు తెలిసిన మంచి సీమంతం.

ఇంతవరకు రాసింది ఖర్చు గురించి, తిండి గురించి. అసలు బాధ ఇంకా చెప్పలేదు.

బల్ల సిద్ధమయ్యాక పెద్దావిడ ఒకరు లేచి, పిల్లలు గల తల్లులు ముందుకు రండమ్మా అని పిలుస్తారు. పసుపు కుంకుమ మానేశాం, ముత్తైదువ అన్న మాట మానేశాం, ఆ కట్టడి మాత్రం మన మధ్యే ఉంచుకున్నాం. ఆ పిలుపు వినగానే హాల్లో కొందరు సహోదరీలు మెల్లగా వంటింటివైపు వెళతారు. పెళ్లయి పదేళ్లయినా బిడ్డ కలగని చెల్లి, భర్త పోయిన అక్క. వాళ్లే తెల్లవారుజామున లేచి సంగటి కెలికినవాళ్లు, పాయసం కలిపినవాళ్లు. గిన్నెలు కడగాలి అంటూ పోతారు. ఎవరా అని మీరు వెతకవద్దు. మన సంఘంలో ఒక్కరు కాదు.

షిలోహులో కూడా ఇలాంటి విందు జరిగింది. ఎల్కానా పెనిన్నాకూ ఆమె పిల్లలకూ పాళ్లు పంచాడు, హన్నాకు ఎక్కువే ఇచ్చాడు. అయినా పెనిన్నా మాటలకు హన్నా ఏడ్చి భోజనం మానేసింది. ఏటేటా అదే జరిగిందని వాక్యం చెబుతోంది. ఆ బల్ల దగ్గర తినలేకపోయిన స్త్రీ ప్రార్థననే దేవుడు విన్నాడు, సమూయేలును ఆమెకే ఇచ్చాడు. మన ఇళ్లలో సమూయేలు కథ సండే స్కూలు పిల్లలకు కంఠస్థం, హన్నా మాత్రం వంటింట్లో ఉంది.

శిశువైన యేసును దేవాలయానికి తెచ్చినప్పుడు ఆయన్ని చూసి దేవుని స్తుతించింది ఎవరు? అన్న అనే విధవరాలు, ఎనభై నాలుగేళ్ల ప్రవక్త్రి. రూతుకు పుట్టిన బిడ్డను ఒడిలోకి తీసుకుని పెంచింది ఎవరు? భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న నయోమి. మన పద్ధతి ప్రకారం ఈ ఇద్దరూ ఆ చంటిబిడ్డ దగ్గరికి రాకూడదు. విధవరాలి చెయ్యి తగిలితే బిడ్డకు కీడు అని మీరు నిజంగా నమ్మితే, నాకు ముఖం మీదే చెప్పండి, ఆ ఇంటికి ప్రార్థనకు నేను రాను.

కొరింథు సంఘం కూడా ప్రభువు పేరు మీదే బల్ల వేసింది. ఒకడు కడుపునిండా తిని తాగుతుంటే ఒకడు ఆకలితో ఉన్నాడు, లేనివాళ్లు తలవంచుకున్నారు. అది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు పౌలు. మొదటి కొరింథీ 11వ అధ్యాయం. ప్రతి బల్లారాధనకూ ఆ అధ్యాయంలోని చివరి భాగమే చదువుతాం, ఈ తిట్లు అంతకు ముందే ఉన్నాయి. ఆదివారం ఒకే రొట్టె తిన్న మనం, శనివారం సీమంతం బల్ల దగ్గర ఎవరు ముందుకు రావాలో ఎవరు రాకూడదో ఎలా తేలుస్తాం?

కాబట్టి ఇకమీదట నన్ను పిలిచేవాళ్లు ఇది తెలుసుకుని పిలవండి. పదకొండింటికి వస్తాను. ఆ బిడ్డ భోంచేసిన తర్వాతే ప్రార్థన. ఫొటోలు ఆ తర్వాత ఎన్నైనా తీసుకోండి. ఆమె తల మీద చెయ్యి ఉంచి మొదట ప్రార్థించేది పిల్లలు లేని ఒక సహోదరి గాని, ఒక విధవరాలు గాని అయి ఉండాలి. ఆ సంగతి వాళ్లను ముందురోజే ఒంటరిగా అడగండి. ఇష్టం లేదంటే బలవంతం చేయవద్దు, అందరి ముందు పేరు పెట్టి పిలిచి ఇంకో గాయం చేయవద్దు. నాకు ఇచ్చే కవరు ఆమె చేతిలో పెట్టండి, కాన్పు ఖర్చుకు పనికివస్తుంది. అప్పు తెచ్చి వేసిన బల్ల అని తెలిస్తే దాని ముందు నిలబడి ఆశీర్వాదం చెప్పను, ఇంట్లో ఇంకో గదిలో కూర్చుని ఆమెతో ప్రార్థిస్తాను. దీనివల్ల కొందరికి కోపం వస్తుందని తెలుసు. హిందూపురంలో వేరే పాస్టర్లు ఉన్నారని కూడా తెలుసు.

బల్లకు గుడ్డ కావాలంటే మందిరంలో తెల్ల దుప్పట్లు ఉన్నాయి, ఉతికి ఇచ్చేయండి. పూలు మన పెరట్లో ఉన్నవి చాలు. ఈ ఆదివారం ఆరాధన తర్వాత స్త్రీల కూడికలో, రాబోయే మూడు సీమంతాలకు ఎవరెవరు ఏమి తెస్తారో పేర్లు రాసుకుంటారు. గుడ్లు, పాలు, రాగి లడ్లు, నువ్వుండలు, వేరుశనగ ఉండలు, మునగాకు పప్పు. ఉలవచారుకు ఒక అక్క ఇప్పటికే ఒప్పుకుంది. ఆ ముగ్గురు బిడ్డల్లో ఒకామె అనపకాయల కూర అడిగిందట, ఇది వాటి కాలం కాదు. ఎవరి ఇంట్లోనైనా ఎండబెట్టిన అనపగింజలు ఉంటే శనివారంలోగా చెప్పండి.