ఆకలి చావని జబ్బు

గతవారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను మూడు రోజులు పట్టి పీడించింది. "మా నాన్నగారికి ప్రోస్టేట్ కాన్సరు. మూడేళ్ళుగా హార్మోను ఇంజెక్షన్లు ఇప్పిస్తున్నాం. ఇప్పుడు జబ్బు హార్మోనుకు లొంగడం లేదని డాక్టరుగారు చెప్పారు. ఇక చెయ్యగలిగింది ఏమీ లేదన్నమాటేనా? అమ్మకు ఏమని చెప్పను?" అని ఒక సోదరి రాసింది. పేరు వెయ్యవద్దని కోరింది; వెయ్యను.

వంటావార్పూ, పిల్లల చదువులూ మాట్లాడుకునే చోట మగవాళ్ళ జబ్బు ప్రసక్తి ఏమిటని కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. కాని ఆ జబ్బు వచ్చిన మగవాడికి వేళకు మాత్రలు అందించేదీ, రాత్రిళ్ళు పక్కన మేలుకుని వుండేదీ ఎవరు? పైగా సరిగ్గా ఇదే ప్రశ్న కొన్నేళ్ళ కిందట తెనాలిలో మా పిన్ని నన్ను అడిగింది. అప్పుడు నాకు జవాబు తెలియదు. తెలియకపోవడం వల్ల ఏం జరిగిందో చెబుతాను.

మా బాబాయి పోస్టుమాస్టరుగా చేసి రిటైరయిన మనిషి. లెక్కంటే ప్రాణం. మూడు నెలలకొకసారి ఇంజెక్షను, దానికి ముందు పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష. వచ్చిన అంకెను గోడమీది కేలండరులో ఎర్రసిరాతో వేసుకునేవాడు. రెండేళ్ళ పైచిలుకు ఆ అంకె ఒకటి దాటలేదు. తరువాత మూడయింది, తొమ్మిదయింది, ఇరవై దాటింది. పట్నంలో పెద్ద డాక్టరుగారు కాగితాలు తిరగేసి, జబ్బు హార్మోనుకు లొంగడం లేదని ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి, తరువాతి రోగిని పిలిచారు.

బాబాయి ఆ ముక్కను కోర్టు తీర్పులాగా తీసుకున్నాడు. "లొంగని జబ్బుకు ఇంజెక్షను దండగ అమ్మాయీ! ఆ డబ్బు మీ పిన్నికైనా మిగులుతుంది" అన్నాడు నాతో. వేయించుకోవలసిన ఇంజెక్షను మానేశాడు. బీరువా తాళాలు పిన్ని చేతికిచ్చి, బ్యాంకు పుస్తకాలు ఎక్కడెక్కడ వున్నాయో చూపించాడు. ఇంటినిండా చదువుకున్నవాళ్ళమే వున్నాం. లొంగకపోవడమంటే ఏమిటని తిరిగి డాక్టరుగారిని అడిగినవాళ్ళం ఒక్కరమూ లేము. కొద్ది నెలలకే నడుంనొప్పి ఆయన్ను మంచాన పడేసింది.

అప్పుడు మరొక ఆస్పత్రికి తీసుకువెళ్ళాం. అక్కడి డాక్టరమ్మగారు కాగితాలన్నీ చూసి, "ఇంజెక్షను ఎందుకు మానేశారండీ?" అని అడిగారు.

"లొంగడం లేదన్నారు కదమ్మా!" అన్నాడు బాబాయి.

"లొంగడం లేదంటే దాని ఆకలి చచ్చిందని కాదండీ. తిండి సంపాదించుకునే మరో దారి కనిపెట్టిందని అర్థం. మీరు ఇంజెక్షను మానేసి పాతదారి కూడా తెరిచి పెట్టారు" అన్నారావిడ.

ఆ మాటల వెనక డెబ్బై ఏళ్ళ చరిత్ర వుందని తరువాత చదివితే తెలిసింది.

ప్రోస్టేట్ అనేది మూత్రాశయం కింద పెద్ద ఉసిరికాయంత వుండే గ్రంథి. మగవాళ్ళకు మాత్రమే వుంటుంది. అది పెరగడానికీ పనిచెయ్యడానికీ టెస్టోస్టెరోన్ అనే పురుష హార్మోను కావాలి. అందులో కాన్సరు పుట్టినా సాధారణంగా ఆ హార్మోను తినే బ్రతుకుతుంది. ఈ సంగతిని చికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ హగ్గిన్స్ అనే వైద్యుడు 1941లో లోకానికి చూపించాడు. ఒంట్లోని టెస్టోస్టెరోన్‌లో నూటికి 90 పాళ్ళకు పైగా వృషణాలలోనే తయారవుతుంది. వాటిని తీసివేస్తే, లేదా స్త్రీ హార్మోను ఇస్తే, ఎముకలకు పాకిన కాన్సరు కూడా వెనక్కు తగ్గడం, నొప్పితో వున్నవాళ్ళు తేరుకోవడం ఆయన చూశాడు. కాన్సరు తన బ్రతుక్కి ఒంట్లోని మరొక పదార్థంమీద ఆధారపడుతుందనీ, ఆ పదార్థాన్ని ఆపి దాన్ని అణచవచ్చుననీ అలా తేలింది. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. తరువాత తరువాత కత్తి అవసరం లేకుండా అదే పని ఇంజెక్షనుతో చెయ్యడం వచ్చింది. మా బాబాయి వేయించుకున్నది అదే.

అయితే ఆ మేలు చాలామందికి శాశ్వతం కాదు. కొంతకాలానికి జబ్బు మళ్ళీ తల ఎత్తుతుంది. వృషణాలు ఒక్కటే కాదు, మూత్రపిండాలమీద టోపీల్లా కూర్చుని వుండే అడ్రినల్ గ్రంథులు కూడా కొద్దిగా పురుష హార్మోన్లు తయారు చేస్తాయి. హగ్గిన్స్‌కు వాటిమీద అనుమానం అప్పుడే వచ్చింది. 1945 నాటికే కొందరు రోగులకు ఆ గ్రంథులను తీసివేసి చూశాడు. కాని అవి లేకపోతే మనిషికి అత్యవసరమైన కార్టిసోల్ కూడా వుండదు. దానికి బదులుగా ఇచ్చే మందు అప్పటికి చేతిలో లేదు. అంచేత ఆ ప్రయత్నం ఫలించలేదు.

తరువాత చాలా ఏళ్ళపాటు, ఇలా తిరగబెట్టిన కాన్సరుకు హార్మోనుతో పనిలేదనే నమ్మకం వైద్యలోకంలో బలంగా నాటుకుంది. పేరు కూడా అలాగే పెట్టారు, హార్మోనుకు లొంగని కాన్సరు అని. పేరు పెట్టాక ఎవరికైనా ఆ పేరే కనపడుతుంది గాని మనిషి కనపడడు. లండన్‌లోని కాన్సర్ పరిశోధన సంస్థలో శాస్త్రజ్ఞులు 1990 తరువాతి తొలి సంవత్సరాల్లోనే అబిరాటెరోన్ అనే మందును తయారు చేశారు. పురుష హార్మోను తయారీలో సి.వై.పి.17 అనే ఎంజైము తప్పనిసరి. ఈ మందు దాన్ని పట్టి ఆపుతుంది. హార్మోనుతో పనిలేని జబ్బుకు ఇంకొక హార్మోను మందు ఎందుకన్న ఆలోచన కూడా తోడై, చాలాకాలం అది ముందుకు సాగలేదు.

ఆ నమ్మకం తప్పని మెల్లగా బయటపడింది. వృషణాలు పనిచెయ్యకపోయినా జబ్బు కణాలకు తిండి అందుతూనే వుంది. కొంత అడ్రినల్ గ్రంథులనుంచి. మరికొంత, వింతేమిటంటే, ఆ కాన్సరు కణాలు తమకు తామే వండుకుంటున్నాయి. బజారులో పెద్ద కొట్టు మూయిస్తే పక్కసందులో చిన్న కొట్టు చూసుకోవడం, అదీ చాలకపోతే పెరట్లోనే పండించుకోవడం లాంటిదన్నమాట. అంతేకాదు, హార్మోనును అందుకునే గ్రాహకాలను ఎక్కువగా తయారు చేసుకుని, కొంచెం దొరికినా దాంతోనే కాలక్షేపం చెయ్యడం నేర్చుకుంటాయి.

ఇది తెలిశాక అబిరాటెరోన్‌కు రోజులు వచ్చాయి. అది మూడుచోట్లా తయారీని ఆపుతుంది. కీమోథెరపీ కూడా అయిపోయి జబ్బు ముదురుతున్న 1,195 మందిపై జరిపిన పరీక్ష ఫలితం 2011లో వెలువడింది. ఈ మందు తీసుకున్నవారిలో సగంమంది 14.8 నెలలకు మించి బ్రతికారు. తీసుకోనివారిలో ఆ లెక్క 10.9 నెలలు. ఆ సంవత్సరమే అమెరికాలో అనుమతి దొరికింది. మరుసటి సంవత్సరం, 2012లో, ఎంజాలుటమైడ్ అనే మరో మందు వచ్చింది. అది తయారీ జోలికి పోదు. గ్రాహకం దగ్గరే అడ్డంగా కూర్చుంటుంది. దాని పరీక్షలో లెక్క 18.4 నెలలూ 13.6 నెలలూ.

నాలుగైదు నెలలేనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కాని అవి అప్పటికే అన్ని మందులూ వాడి అలసిపోయినవారి లెక్కలు. జబ్బు పాకిందని తెలిసిన తొలి రోజుల్లోనే ఇంజెక్షనుతోపాటు అబిరాటెరోన్ మొదలుపెడితే ఇంకా ఎక్కువ మేలని 2017లో తేలింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర ఔషధాల పట్టికలో చేర్చింది. మన దేశంలో కూడా చాలా కంపెనీలు తయారు చేస్తున్నాయి గనుక మధ్యతరగతి కుటుంబానికి ఒకనాటికంటె అందుబాటులోకి వచ్చింది.

మా బాబాయికి ఇంజెక్షను తిరిగి మొదలుపెట్టి, అబిరాటెరోన్ మాత్రలు ఇచ్చారు. రోజుకు నాలుగు. ఖాళీ కడుపున వేసుకోవాలి. వేసుకున్నాక గంటసేపు ఏమీ తినకూడదు. భోజనంతో కలిస్తే మందు రక్తంలోకి అనుకున్నదానికి ఎన్నోరెట్లు ఎక్కుతుంది. ఐదింటికి లేచి కాఫీ తాగితేగాని పేపరు విప్పని మనిషి! "జబ్బు తిండి ఆపమంటే నా కాఫీ ఆపారేమిటే మీ పిన్ని!" అని నాకు ఫోను చేసి ఫిర్యాదు. పిన్ని గడియారం ఎదురుగా కూర్చుని, గంట నిండేదాకా డికాక్షను దాచిపెట్టేది.

దానికి తోడు ప్రెడ్నిసోలోన్ మాత్ర. అబిరాటెరోన్‌వల్ల కార్టిసోల్ కూడా తగ్గి, రక్తపోటు పెరగడం, కాళ్ళు నీరుపట్టడం, పొటాషియం పడిపోవడం జరగవచ్చు. 1945లో హగ్గిన్స్ చేతిలో లేనిది ఈ చిన్న మాత్రలాంటిదే. రక్తపోటూ, లివరూ, పొటాషియమూ తరచు చూపించుకోవాలి. ఇంట్లో గర్భిణీలు వుంటే ఆ మాత్రలను ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు.

నెలన్నరకు నొప్పి తగ్గి, బాబాయి వీధి అరుగుమీదికి వచ్చి కూర్చున్నాడు. కేలండరులో అంకె దిగింది. ఏడాదిన్నర బాగా తిరిగాడు. మనమరాలి అక్షరాభ్యాసంలో దాని చెయ్యి పట్టి దిద్దించింది ఆయనే. తరువాత అంకె మళ్ళీ లేచింది. హార్మోను అందనక్కరలేకుండానే పనిచేసే గ్రాహకాలు కొన్ని కాన్సర్లలో తయారవుతాయి. అలాంటప్పుడు ఈ మాత్రలు పెద్దగా సాయపడవని 2014లో తేలింది. కీమోథెరపీ ఇచ్చారు. ఇంకొన్ని నెలలకు పోయాడు. ఈసారి మాత్రం ఏ మందు ఎందుకు మొదలుపెట్టారో, ఎందుకు ఆపారో ఆయనకు తెలుసు; పిన్నికీ తెలుసు. మందు మానేసి మంచాన పడి వున్న ఆ కొద్ది నెలలే పిన్ని ఈనాటికీ మరిచిపోలేక పోతున్నది.

సోదరీ! మీ నాన్నగారి సంగతి నేను తేల్చగలిగింది కాదు. వయసు, గుండె, షుగరు, ఇదివరకు వాడిన మందులు, అన్నీ చూసి డాక్టరుగారే చెప్పాలి. మీరు చెయ్యవలసినది ఒకటుంది. ఈసారి వెళ్ళినప్పుడు ఒక కాగితంమీద మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్ళండి. ఇంజెక్షను కొనసాగించాలా? అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్ లాంటివి మా నాన్నగారికి పనికివస్తాయా? పనికిరావంటే, ఎందుచేత? జవాబు తెలుగులో అర్థమయ్యేదాకా కుర్చీలోంచి లేవకండి. అవతల ఎంతమంది వేచివున్నా సరే.

అమ్మగారికి ఏమని చెప్పాలని అడిగారు. ఆవిడనూ వెంట తీసుకువెళ్ళండి.