లాన్ ఎండితే ఎవరికి నష్టం?

2024 మార్చిలో బెంగళూరు నీటి సరఫరా మండలి ఒక ఆదేశం ఇచ్చింది: తోటలకు, కార్లు కడగడానికి తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా. అంతకు ముందు ఏడాది కర్ణాటకలోని 236 తాలూకాల్లో 223 కరువు తాలూకాలయ్యాయి. ఆదేశం సరైనదే. అది అపార్ట్‌మెంట్ గేటు దాటాక ఏమైందన్నదే నా పేచీ.

మా చిన్నాయన అనంతపురం జిల్లా నుంచి వలసపోయి అక్కడొక అపార్ట్‌మెంట్లో తోటమాలిగా చేస్తున్నాడు. అసోసియేషన్ వాళ్ళు పైపు చుట్టి గదిలో పెట్టి తాళం వేశారు. ఇక బకెట్లతోనే పొయ్యాలి. నీళ్ళు మిగిలాయి. వాట్సాప్ గ్రూపులో సభ్యులు ఒకరినొకరు మెచ్చుకున్నారు. బకెట్లు మోసిన మనిషికి జీతం పెరగలేదు సరికదా, అదే ఆవరణలోని వాటర్ కూలర్ మీద ‘నివాసితులకు మాత్రమే’ అన్న కాగితం అంటించారు. రోజంతా గడ్డికి నీళ్ళు మోసే మనిషి తాగే నీళ్ళు ఇంటి నుంచి సీసాలో తెచ్చుకుంటున్నాడు.

మహాడ్ మున్సిపాలిటీ చవదార్ చెరువును 1924లోనే కాగితం మీద అందరికీ తెరిచింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో వెళ్ళి దోసిట నీళ్ళు తాగితే, ఆ తర్వాత సవర్ణులు ఆవుపేడతో, మూత్రంతో చెరువును ‘శుద్ధి’ చేశారు. ఇప్పుడు పేడ అక్కర్లేదు, ఒక ప్రింటవుట్ చాలు.

ఎండాకాలంలో లాన్ పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకు రోజుకు దాదాపు 5 లీటర్లు కావాలి. వంద చదరపు మీటర్లకు 500 లీటర్లు. జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి పెట్టుకున్న లక్ష్యం రోజుకు 55 లీటర్లు. అంటే తొమ్మిది మంది నీళ్ళు. అదీ ‘నడవరాదు’ అని బోర్డు పెట్టిన గడ్డికి!

మేం వాడేది శుద్ధి చేసిన మురుగునీరే కదా అంటారు. మంచిదే. ఆ ట్యాంకులోకి దిగేదెవరు? 2018 జనవరిలో బెంగళూరు సోమసుందరపాళ్యలో ఒక అపార్ట్‌మెంట్ మురుగునీటి శుద్ధి ప్లాంటులోకి దిగి ముగ్గురు కార్మికులు చనిపోయారు. మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు కాలువలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. నీటి పునర్వినియోగం మీద థీసిస్ రాస్తున్న మిత్రులారా, మీ ఫ్లోచార్టులో పంపు ఉంది, ఫిల్టర్ ఉంది. ఆ మనిషి ఎక్కడ?

లాన్‌కు పొదుపుగా నీళ్ళు పోయడం ఎలా అన్న ప్రశ్నే నాకు నచ్చదు. కరువు ఏడాది దాన్ని ఎండనివ్వండి. గరిక పైకి ఎండినా వేరు చావదు, వానొస్తే మళ్ళీ లేస్తుంది. పొలం గట్లు చూసిన ఎవరికైనా తెలుసు. ఉన్న కాస్త నీళ్ళు లేత చెట్లకు పోయండి. సంచుల్లో నింపి బయటికి పంపే ఎండుటాకులను వాటి పాదుల్లో పరచండి.

ఇదంతా చిన్నాయనతో అంటే నవ్వాడు. “గడ్డి ఎండిపాతే నాతో ఏం పనిరా వాళ్ళకి?”

నేను మొదట ఆలోచించాల్సింది అదే, ఆలోచించలేదు. పని లేకపోలేదు: పాదులు తవ్వాలి, వాననీరు ఇంకే గుంతలు తీయాలి, పూడిక ఎత్తాలి. లాన్‌కు నీళ్ళు ఆపే తీర్మానంలోనే, ఎండాకాలం నాలుగు నెలలూ తోటమాలికి పూర్తి జీతం అన్న వాక్యం కూడా రాయాలి. కూలర్ మీది కాగితం మాత్రం ఈరోజే చింపెయ్యాలి.