తలా ఒక చెయ్యి

పిల్లలూ! మా మనవరాలు ఒక విశ్వవిద్యాలయంలో తుపానులను గురించి పరిశోధన చేస్తున్నది. కిందటి సెలవులకు వచ్చినప్పుడు, "తాతయ్యా, నేను మళ్ళీ లెక్కలు నేర్చుకుంటున్నాను," అన్నది. ఎమ్మెస్సీ ప్యాసయిన పిల్లకు ఇంకా లెక్కలేమిటని నాకు ఆశ్చర్యం వేసింది.

"లెక్క చేయటం వచ్చు. ఒకే లెక్కను వెయ్యిమందిచేత చేయించటం రాదు," అన్నది.

ఆ వెయ్యిమంది మనుషులు కారు, ప్రాసెసర్లు. సూపర్ కంప్యూటరు అంటే మహావేగంగా లెక్కలు చేసే ఒకే ఒక యంత్రమని మీరు అనుకుంటున్నారేమో. కాదు. అందులో వేలకొద్దీ ప్రాసెసర్లు లెక్కను పంచుకుని ఒక్కసారిగా పనిచేస్తాయి.

ఈ ఊహ అటువంటి కంప్యూటర్లు పుట్టకముందే ఒకాయనకు తట్టింది. ఆయన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో అంబులెన్సు నడుపుతూ, తీరిక వేళల్లో ఒక వింత లెక్క చేశాడు. 1910 మే 20వ తేదీ నాటి వాతావరణం వివరాలు తీసుకుని, ఆరు గంటల్లో అది ఎలా మారుతుందో చేత్తో లెక్కకట్టాడు. ఆ ఆరు గంటల లెక్కకు సుమారు ఆరు వారాలు పట్టింది. పైగా జవాబు తప్పు! గాలి పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని వచ్చింది. నిజానికి ఆనాడు పీడనం ఇంచుమించు కదలనే లేదు.

ఆయన సిగ్గుపడి దాచుకోలేదు. 1922లో ఆ తప్పు లెక్కను కూడా పుస్తకంలో అచ్చువేశాడు. అందులోనే ఒక కల వర్ణించాడు. నాటకశాలవంటి గుండ్రని పెద్ద భవనం, గోడలనిండా ప్రపంచపటం. అందులో 64,000 మంది కూర్చుని, ఎవరి చోటి లెక్క వారు చేస్తూ వుంటారు. నడుమ ఎత్తయిన వేదికమీద ఒక పెద్దమనిషి. లెక్కలో ముందుకు పోయినవారిమీద గులాబిరంగు వెలుగూ, వెనకబడినవారిమీద నీలంరంగు వెలుగూ వేస్తూ వుంటాడు.

వెనకబడినవాణ్ణి తొందరపెట్టవలసిందే. ముందుపోయినవాణ్ణి ఆపటం దేనికి? ఎందుకంటే ఒక చోటి గాలి కాసేపటికి పక్క చోటికి పోతుంది. బందరు మీది లెక్క చేసేవాడికి పక్కనున్న సముద్రం మీది లెక్క కావాలి. అది అందకుండా రెండో అడుగు వేస్తే అబద్ధపు లెక్కే. అంచేత అందరూ అడుగులో అడుగు వేసి నడవాలి.

ఇప్పుడూ అంతే. ఆకాశాన్ని గళ్ళుగా కోసి ప్రాసెసర్లకు పంచుతారు. ప్రతి అడుగుకూ అవి సరిహద్దు అంకెలను ఇచ్చిపుచ్చుకోవాలి. మా పిల్ల మొదట రాసిన ప్రోగ్రాములో ప్రతి ప్రాసెసరూ పొరుగుదాని అంకె వచ్చాకనే తన అంకె పంపాలని వుంది. ఇంకేం? బస్సు గుమ్మం దగ్గర ఇద్దరు మర్యాదస్థులు "ముందు మీరు", "అబ్బే, ముందు మీరు" అన్నట్టు అన్నీ నిలబడిపోయాయి. తప్పు అని యంత్రం చెప్పదు, ఊరికే వుండిపోతుంది! ఆ చిక్కు విప్పటానికి పిల్లకు వారం పట్టింది.

ఆలస్యమైతే ఏమంటారా? 1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన వచ్చినప్పుడు నేను కాలేజీ కుర్రవాణ్ణి. వేలమంది పోయారు. తుపాను తీరం దాటిన తరవాత వచ్చే జవాబు ఎవరికి కావాలి? సూక్ష్మంగా చూద్దామని గడి పక్కలను సగం చేస్తే గళ్ళు నాలుగు రెట్లవుతాయి. కాలపు అడుగునూ సగం చేయాలి. మొత్తం ఎనిమిది రెట్ల పని.

మా పిల్ల లెక్క ఒక్క ప్రాసెసరుమీద పది గంటలు పట్టేది. పదింటికి పంచితే గంటలో కావాలి గదా? రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు పట్టింది. పోయి చూస్తే, ఫలితాలను ఫైలులో రాసే పని ఒకే ప్రాసెసరు చేస్తున్నది. దానికే రెండు గంటలు. మిగిలిన ఎనిమిది గంటల పనే పది వాటాలయింది. వెయ్యి ప్రాసెసర్లు పెట్టినా ఆ రెండు గంటలు తగ్గవు. ఈ సంగతిని 1967లో జీన్ ఆమ్‌డాల్ అనే అమెరికా ఇంజనీరు ఎత్తి చూపాడు.

ఇది విని నేను నవ్వలేకపోయాను. నేను హెడ్మాస్టరుగా వున్నప్పుడు పరీక్షల మార్కులు పన్నెండుమంది పంతుళ్ళు రెండు రోజుల్లో కూడేసేవారు. తరవాత ప్రోగ్రెసు కార్డులన్నీ నా సంతకంకోసం నా బల్లమీద నాలుగు రోజులు వుండేవి. పిల్లలు రోజూ వచ్చి తొంగిచూసి పోయేవారు. పంతుళ్ళు నెమ్మది అని నేను విసుక్కునేవాణ్ణి!

ఇప్పుడు మా పిల్ల ప్రోగ్రాములో ఏ ప్రాసెసరు వాటా అదే రాసుకుంటుంది.

మీరు నలుగురు కూడి 1 నుంచి 100 వరకు వున్న అంకెలను తలా ఇరవై అయిదు చొప్పున కూడండి. నాలుగు మొత్తాలనూ ఒకరు కలపండి, 5050 రావాలి. గడియారం చూసి, ఒక్కరే చేస్తే ఎంతసేపు, నలుగురూ చేస్తే ఎంతసేపు, చివర కలపటానికి ఎంతసేపు పట్టిందో నాకు రాయండి.