గెట్టు మీది ఈతచెట్టును కొట్టేముందు

దేవరకొండ చుట్టుపక్కల గెట్లు చదును చేసేటప్పుడు ముందుగా పోయేది ఈతచెట్టే. "ముల్లు గుచ్చుకుంటది, నీడ పడతది, మనకేం లాభం" అంటారు. ఆ మాట అనేముందు ఒక లెక్క చూడండి.

కెనడాలోని క్యూబెక్ రైతులు మేపుల్ చెట్టుకు చిన్న తూటు పెట్టి రసం పడతారు. అందులో తీపి నూటికి 2 పాళ్ళే. 40 లీటర్లు మరగబెడితే లీటరు పాకం వస్తుంది. అయినా దాన్నే ప్రపంచమంతా అమ్ముతున్నారు. మన ఈత నీరాలో తీపి సుమారు 10 పాళ్ళు. 8 నుంచి 10 లీటర్లకే కిలో బెల్లం దిగుతుంది. బెంగాల్లో ఇదే ఈతచెట్టును చలికాలంలో గీసి బెల్లం వండుతారు. గడ్డ కట్టకముందే దించిన పలుచని పాకాన్ని ఝోలా గుర్ అని అమ్ముతారు. కొన్ని రోజులు గీసి, కొన్ని రోజులు చెట్టును ఆరనిస్తారు.

మనం ఆ రసాన్ని కల్లుగానే ఎరుగుదుం. కల్లు తప్పని నేననను, గౌడన్న బతుకు దానిమీదే ఉంది.

బెల్లానికైతే లొట్టి లోపల సున్నం పూయాలి. లేకుంటే పొద్దెక్కకముందే పులుస్తుంది. సున్నం మరీ ఎక్కువైతే బెల్లం నల్లబడి రుచి చెడుతుంది. తెల్లవారకముందే దించి, గుడ్డలో వడగట్టి, వెడల్పాటి బాండీలో వెంటనే కాయాలి. నురుగు పొంగితే రెండు చుక్కల ఆముదం వేయండి, మన దగ్గర దానికి కొదువ లేదు. తేనెలా సాగినప్పుడు దించితే పాకం. ఇంకా కాచి, చన్నీళ్ళలో వేసిన బొట్టు ముద్ద కడితే బెల్లం.

అయితే మీరే కత్తి పట్టకండి. చెట్టు మీదైనా గీతకు లైసెన్సు ఉండాలి, నీరాకైనా ఎక్సైజు అనుమతి కావాలి. చేతగాని గీతతో చెట్టు చచ్చిపోతుంది కూడా. ఊరి గీత సొసైటీతో మాట్లాడుకోవడమే దారి.

2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. మంచిదే. కానీ నూరు కిలోమీటర్ల అవతల ఉన్న మనకు దానివల్ల ఒరిగేదేమిటి? మంచుపెట్టె లేకుంటే నీరా ఇబ్రహీంపట్నం దాటకముందే పులుస్తుంది. బెల్లమైతే సంచిలో పోతుంది. సొసైటీకొక బాండీ, పొయ్యి, బెల్లం వండడానికి తేలికైన అనుమతి ఇస్తే చాలునని నా అభిప్రాయం.

ఖర్చు దాచను. కిలో బెల్లానికి ఏడు నుంచి తొమ్మిది లీటర్ల నీరు ఆవిరి కావాలి. కట్టె కొంటే గిట్టదు. పత్తి కట్టె, కంది కట్టె చేలో కాల్చకుండా దాచుకున్నవాడికే గిట్టుతుంది. కల్లుకు వెంటనే వచ్చే పైసలు వదులుకోవాలి కనుక గౌడన్నకు ఆ ధర ముందే ఒప్పుకోండి. అనుమతి దొరికితే ఈ చలికాలం ఒక్కనాడు 10 లీటర్లు కాచి, ఎంత కట్టె పట్టిందో రాసి పెట్టుకోండి.