ఉమ్మడి సొత్తుగా ఒక సాఫ్టువేరు

గోనెగండ్ల వంటి మండల కేంద్రములలో అర్జీ గాని, సంఘపు జమాఖర్చులు గాని, బడి ప్రశ్నపత్రము గాని నేడు కంప్యూటరు మీదనే సిద్ధమగుచున్నవి. అయినను అందులకు వాడు సాఫ్టువేరు ఎవరి సొత్తు, దాని మూల్యమెంత యను విచారణ మనలో అరుదు. ధనము వెచ్చింపలేనివారు దొంగప్రతిని ఆశ్రయించి, దానివెంట వైరసును గూడ ఆహ్వానించుట కలదు.

ఈ చిక్కునకు ధర్మసమ్మతమైన పరిష్కారము లిబ్రేఆఫీసు. 2010 సెప్టెంబరు 28న ఓపెనాఫీసునుండి వేఱుపడి, జర్మనీయందలి ది డాక్యుమెంట్ ఫౌండేషను ఆలనలో పెరుగుచున్న యీ సాధనసముదాయమున వ్రాతకు రైటరు, లెక్కలకు క్యాల్కు, ప్రదర్శనములకు ఇంప్రెసు గలవు. ధర లేదు, సోర్సుకోడు అందఱకును బహిరంగము. మెనూలను తెలుగుననే చూడవచ్చును. యూనికోడులో వ్రాసిన అర్జీ, పాత ఫాంటులతో టైపుచేసినదానివలె, మరియొక కంప్యూటరున పిచ్చిగీతలుగా మారదు. క్లిష్టమైన వర్డు పత్రముల అమరిక ఇందు అప్పుడప్పుడు చెదరుట నిజమే. కాని అట్టి దోషములను తెలుపువారు, దిద్దువారు, పదములను అనువదించువారు జీతగాండ్రు మాత్రమే గాక, దేశదేశముల స్వచ్ఛంద కార్యకర్తలు గూడ. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థయు తెలుగువారిలో స్వేచ్ఛా సాఫ్టువేరు వ్యాప్తికై కృషిచేయుచున్నది.

ఉమ్మడి కృషి మన సీమకు క్రొత్త గాదు: పొరుగున ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు 1938లోనే చేనేతవారి సహకార సంఘమును నెలకొల్పిరి. కావున మన బడులు, పంచాయతీలు, డి.టి.పి. దుకాణములు ఈ సాధనమును చేపట్టవలయును. ఆంగ్లమును తెలుగును ఎఱిగిన యువజనులు వారమునకొక గంటయైన దాని అనువాదమునకు వినియోగింపవలయును.