తోడొచ్చినవాళ్ళ కథ

మొన్న థాంక్స్‌గివింగ్ సెలవులకి ఇంటికొచ్చిన మా అబ్బాయి తన పాత గేమ్ ఒకటి తీసి టీవీ ముందు కూర్చున్నాడు. పేరు ‘మాస్ ఎఫెక్ట్ 2’. 2010 జనవరిలో వచ్చింది. కెనడాలోని ఎడ్మంటన్‌లో బయోవేర్ కంపెనీ తయారుచేసింది. ఆ కంపెనీ పెట్టినవాళ్ళలో రే మ్యూజికా, గ్రెగ్ జెస్చుక్ మెడిసిన్ చదివిన డాక్టర్లట!

“లోకాన్ని కాపాడాల్సిన కమాండర్‌వి, ఆ అమ్మాయి ఇంటి గొడవ నీకెందుకురా?” అన్నాను.

“అసలు కథ అదే నాన్నా!” అన్నాడు.

కమాండర్ షెపర్డ్ ప్రాణాలకు తెగించి శత్రువు మీదికి వెళ్ళాలి. వెంట వచ్చేవాళ్ళలో ఒక్కొక్కరికీ మనసులో ఏదో బరువు ఉంటుంది. దాన్ని దించడానికి మనం వాళ్ళతో వెళ్ళవచ్చు, మానేయవచ్చు. మానేస్తే ఆఖరి పోరులో వాళ్ళ ప్రాణాలకు ముప్పు ఎక్కువ.

టాలీ అనే ఇంజనీరుది సొంత నేల పోగొట్టుకుని అంతరిక్ష నౌకల్లో బతికే జాతి. ఆమె మీద సొంతవాళ్ళే ద్రోహం నేరం మోపుతారు. సాక్ష్యం కోసం వెళితే తండ్రి శవం కనిపిస్తుంది, అసలు తప్పు ఆయనదే అన్న రుజువూ దొరుకుతుంది. అది చూపిస్తే టాలీ నిర్దోషి. కానీ తండ్రి పేరు మట్టిలో కలుస్తుంది. చూపించవద్దని ఆమె బతిమాలుతుంది.

“నిజం చెప్పెయ్యాలి” అన్నాను తడుముకోకుండా.

“చెబితే కేసు గెలుస్తావు, టాలీ నమ్మకం పోతుంది. దాస్తే ఆమెను వెలివేస్తారు, కానీ మనసారా నీ వెంటే ఉంటుంది.”

మూడో దారీ ఉందట. ఇదివరకు ఆమె జాతివాళ్ళలో ఒకరిని బతికించి, ఇంకొకరిని ఇంటికి పంపి ఉంటే, ఆ ఇద్దరూ సభలో లేచి ఆమె పక్షాన మాట్లాడతారు.

నాకు కిష్కింధ గుర్తొచ్చింది. సీతను వెదుకుతూ వెళ్ళిన రాముడు ముందు సుగ్రీవుడి కష్టం తీర్చాడు. వాలిని అలా చంపడం ధర్మమా అని ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నాం. ఆ ఘట్టమే లేకపోతే సుగ్రీవుడు మనకు ఉత్త సేనల యజమాని. అన్నకు భయపడి కొండెక్కిన తమ్ముడిగా మనకు తెలిసేవాడు కాదు.

ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. వాడి హైస్కూలు రోజుల్లో నాకున్న మిషన్ ఒక్కటే: మంచి కాలేజీ. లెక్కల క్లాసుకీ, ఎస్.ఎ.టి. కోచింగుకీ కారులో దింపాను. స్కూలు బ్యాండ్ మానేస్తానన్న రోజున మాత్రం ఎందుకని అడగలేదు. ‘పోనీలే, చదువుకి టైమ్ దొరుకుతుంది’ అనుకున్నాను.

పొద్దున్నే కాఫీ తాగుతూ అడిగాను. చెప్పడానికి వాడికి గంట పట్టింది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ గేముకు అమెరికాలో ‘ఎమ్’ రేటింగ్ ఉంది, అంటే 17 ఏళ్ళు, ఆపైవాళ్ళకే. పిల్లలూ, మీ వయసుకు తగిన ఆటల్లోనూ తోడొచ్చేవాళ్ళుంటారు. వాళ్ళలో మీకు నచ్చినవాళ్ళ కథ అమ్మానాన్నలకు చెప్పండి. పెద్దలూ, మధ్యలో “హోంవర్క్ అయిందా?” అనకండేం!